అమ్మమ్మగారికి ఒక పని

మన ఆదివారం బడిలో వాలంటీర్లం కలిస్తే మొదట వినిపించే మాట "టైము లేదండీ". వారమంతా ఆఫీసు, శనివారం పిల్లల ఈత క్లాసులు, ఆదివారం ఇక్కడ గుణింతాలు! ఏటా మానేద్దామనుకుంటాం, మానలేం. ఎందుకు మానలేమో రెండేళ్ళ క్రితం ఒక అమ్మమ్మగారిని చూశాక మాకు అర్థమయింది.

ఆవిడ గోదావరి జిల్లా నుంచి మిచిగన్‌లో కూతురింటికి ఆరు నెలలకని వచ్చారు. కూతురూ అల్లుడూ అపురూపంగా చూసుకునేవారు. వేళకు మందులు, టీవీలో తెలుగు ఛానళ్ళు, వారాంతంలో గుడి. వంటింట్లోకి వెళ్తే "నువ్వు కూర్చో అమ్మా" అనేవారు. అలా కూర్చుని కూర్చుని ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. మాటలు తగ్గాయి. కిటికీలోంచి మంచు చూస్తూ "నా టికెట్టు ముందుకు జరపండి" అనడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం మా టీచరొకరు రాలేదు. మనవరాలితో వచ్చిన ఆవిడను బతిమాలి, ఒత్తుల దగ్గర తంటాలు పడుతున్న నలుగురు పిల్లలను అప్పగించాం. వెళ్తూ వెళ్తూ "వచ్చేవారం ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగారు. మూడోవారానికి చేగోడీలు కూడా రావడం మొదలైంది. టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదని వాళ్ళమ్మాయి చెప్పింది.

మేం ఇంజనీర్లం, ఒక్క కేసు చూసి నమ్మం కదా! 2008లో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైఖేల్ నార్టన్ ఒక ప్రయోగం ప్రచురించారు. పొద్దున కొందరి చేతిలో 5 డాలర్లో, 20 డాలర్లో పెట్టి, కొందరిని సొంతానికీ కొందరిని ఇతరుల కోసమూ సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్ళే ఎక్కువ సంతోషంగా కనిపించారు. అయిదా, ఇరవయ్యా అన్నదానితో తేడా రాలేదు. పాల్గొన్నది 46 మందే కాబట్టి అదే వేదమని అనం. కానీ మా బడిలో చూసినదానికి అది సరిపోయింది.

పెద్దవాళ్ళను కూర్చోబెట్టి సేవ చేయడమే ప్రేమ అనుకుంటున్నాం. ఇంకొకరికి పనికొచ్చే అవకాశాన్ని వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకుంటున్నామని మాకనిపిస్తుంది. పిల్లల విషయంలోనూ అంతే. కాలేజీ అప్లికేషను కోసం సేవాగంటలు లెక్కపెట్టి పంపిస్తాం, ఎదురింటి పెద్దాయన వాకిట్లో మంచు తీసి రమ్మని మాత్రం చెప్పం.

ఒక్క మాట. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. "నలుగురికీ సాయం చెయ్యి, అదే పోతుంది" అని సరిపెట్టడం దయ కాదు. అమ్మమ్మగారిని జీతం లేని ఆయాను చేయమనీ మేం అనడం లేదు. అది ఆవిడకు వచ్చిన పని, ఇష్టపడి చేసిన పని.

సెప్టెంబరులో మళ్ళీ తరగతులు మొదలవుతాయి. మీ ఇంటికి అమ్మానాన్నలు వస్తుంటే ఒకసారి బడికి తీసుకురండి. రెండో తరగతిలో 'ళ' పలకలేనివాళ్ళు పదకొండుమంది ఉన్నారు.