దండానికి పది గుణాలు, పదకొండోది లేదు

మొన్న సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు కోసం నిలబడి ఉండగా పాత సహోపాధ్యాయులొకరు కలిశారు. కుశలప్రశ్నలైనా పూర్తికాకుండానే మొదలుపెట్టారు: "బెత్తం పోయింది మాస్టారూ, దాంతోపాటే భయమూ భక్తీ పోయాయి. మన కాలమే నయం." పక్కనున్న నలుగురూ తలలూపారు. నేను ఊపలేకపోయాను.

దండానికి పది గుణాలున్నాయనే సంస్కృత సూక్తిని కూడా ఆయన తన వాదానికి ఆసరాగా తెచ్చుకున్నారు. తెలుగు పండితుణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. ఆ శ్లోకం మొత్తం చదివినవారికి ఆ పది సందర్భాలూ తెలుసు: పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీరు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. విద్యార్థి ఇందులో ఎక్కడా లేడు. ముసలితనం ఉంది, ఆ లెక్కన కర్ర అవసరం ఇప్పుడు మా ఇద్దరికే! చివరి పాదం ఒక్కటీ పట్టుకుని తరతరాలుగా పిల్లల వీపులు వాయించాం.

నేనూ వాయించినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆరో తరగతి గోడకు పదకొండు నియమాలు అంటించాను. మాట్లాడరాదు, లేవరాదు, నవ్వరాదు... అన్నీ నిషేధార్థకాలే. ఒకనాడు ఒక కుర్రవాడు పక్కవాడివైపు వంగి ఏదో గొణిగాడు. అరచేతి మీద రెండు వేశాను. తరువాత తెలిసింది, వాడికి నల్లబల్ల మీది అక్షరాలు ఆనడం లేదని, పక్కవాణ్ణి అడిగి రాసుకుంటున్నాడని. "కనబడకపోతే ఏం చెయ్యాలండీ మాస్టారూ?" అన్నాడు. నా పదకొండు నియమాలలో దానికి సమాధానం లేదు.

నేటికీ మన లోపం ఇదే. ఏం చేయకూడదో చెబుతాం, ఏం చేయాలో చెప్పం. అయిదో తరగతి దాకా ఒకరిద్దరు ఉపాధ్యాయుల దగ్గర పెరిగిన పిల్లవాడు ఆరులో అడుగుపెట్టగానే గంట గంటకూ ఒక కొత్త మాస్టారు. ఒకరికి ప్రశ్న అడిగితే సంతోషం, మరొకరికి అదే పొగరు. నిన్న నవ్వి ఊరుకున్న పనికి ఇవాళ మండిపడతాం. పిల్లవాడు నేర్చుకునేది క్రమశిక్షణ కాదు, మాస్టారి ముఖం చూసి మసలుకోవడం.

ఆ తరువాత పద్ధతి మార్చాను. బడి తెరిచిన మొదటి వారం పాఠం జోలికి పోయేవాణ్ణి కాదు. పిల్లలనే అడిగి నాలుగైదు నియమాలు వాళ్ళ మాటల్లోనే రాయించేవాణ్ణి. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు వినాలి. వినబడకపోయినా కనబడకపోయినా చెయ్యెత్తి చెప్పాలి. ఇలా అన్నీ చేయవలసిన పనులే. ప్రతిదానికీ కారణం ఉండాలి. ఎక్కం వల్లె వేయించినట్లు వాటిని సాధన చేయించేవాణ్ణి. ఆ నియమాలు నాకూ వర్తించాలి. నేను ఆలస్యంగా వచ్చిననాడు క్షమించమని నేనే అడిగేవాణ్ణి. గోల పూర్తిగా పోయిందని అబద్ధమాడను. ఎందుకు గోల చేయకూడదో మాత్రం వాళ్ళకు తెలుసు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షను శారీరక దండనతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం మన చేతులు కట్టేసిందని వాపోయేవారిని ఒకటే అడుగుతాను: మీ తరగతిలో ఏ ప్రవర్తన ఆశిస్తున్నారో పిల్లలకు నింపాదిగా చెప్పవద్దని ఏ సెక్షను చెప్పింది? 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక ప్రధానోపాధ్యాయులు, కొట్టలేం తిట్టలేం అన్న ఆవేదనతో విద్యార్థుల ముందు తామే గుంజీలు తీశారు. ఆ ఆవేదనకు నమస్కారం. కానీ పిల్లల చేత తీయించడానికీ మనమే తీయడానికీ నడుమ మూడో దారి ఒకటి ఉంది. అది కూర్చోబెట్టి చెప్పడం. దానికి బెత్తం కన్నా ఎక్కువ ఓపిక కావాలి. మనం తప్పించుకుంటున్నది ఆ ఓపికనే.

ఇంతలో పంటు వచ్చింది. ముందు దిగేవాళ్ళు దిగారు, తరువాత మేం ఎక్కాం. మా మిత్రులూ బుద్ధిగా ఆగారు. "ఇక్కడ బెత్తం ఎవరి చేతిలో ఉందండీ?" అన్నాను. ఆయన గోదావరి వైపు చూస్తూ ఉండిపోయారు.

మిత్రులారా, మీలో ఉపాధ్యాయులు ఉన్నారు, బెత్తం దెబ్బలు తిన్నవారూ ఉన్నారు. ఏ దెబ్బ మీకు ఏ గుణం నేర్పిందో నిజాయితీగా చెప్పండి. నా మాట తప్పని తేలితే ఒప్పుకుంటాను.