సంచులు ఎక్కడ దించమంటారు?

విశాఖ పర్యాటక అధికారులకు,

మేం భార్యాభర్తలం, చెరో వీపుసంచితో మీ ఊరు చూడ్డానికి వచ్చాం. మూడో రోజు పొద్దున్నే గది ఖాళీ చేశాం, రైలేమో రాత్రికి. సంచులు ఉంచుకోవడం కుదరదన్నారు లాడ్జివాళ్లు.

1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామి ఆర్కే బీచ్ ఒడ్డునే ఉంది. లోపల దారులెంత ఇరుకో మీకు తెలియనిది కాదు. ఒకరు లోపలికెళ్తే మరొకరు ఎండలో సంచులకు కాపలా. జంటగా వచ్చి వంతులవారీగా చూశాం! సంచులతో కైలాసగిరి కొండకు వెళ్లడం సరేసరి, మానుకున్నాం.

స్టేషన్లో క్లోక్‌రూమ్ ఉందంటారేమో. అక్కడ దించి మళ్లీ బీచ్‌కి రావాలంటే ఆటో ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఉచితంగా అడగడం లేదు. జలాంతర్గామి దగ్గర, డబ్బు తీసుకుని రసీదిచ్చే సామాన్ల గది ఒకటి, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండేలా పెట్టించండి.

ఇట్లు,
ఓ పర్యాటక జంట