పెరటి చీమ పెంపకానికి పనికిరాదా?

మొన్న శుక్రవారం బిల్డు ఫెయిలయ్యి అందరం చేతులు కట్టుకుని కూర్చున్న టైములో, మా టీములో కుర్రాడొకడు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. "అన్నా, వచ్చే సీజనుకి వీటిల్లో ఏది తీసుకుందాం?" అని. చూస్తే చీమల బొమ్మలు. ఒక్కోదాని కింద ఒక రేటు. ఆఫ్రికా చీమ, యూరప్ చీమ, ఆస్ట్రేలియా చీమ. వాడు మనసు పడ్డ రాణిచీమ రేటుకి మా ఊళ్లో రెండు బస్తాల బియ్యం వస్తాయి.

"మా వరికుంటపాడు రారా, కండచీమ రాణిని ఊరికే పట్టిస్తా" అన్నా.

వాడు పడీపడీ నవ్వాడు. "అన్నా, అది పెంచుకునేది కాదు, చీపురుతో ఊడ్చేది."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దోళ్లు ఊరికే అన్లేదు. ఆ నవ్వు నాకు ఇంకా అరగలేదు, అందుకే ఈ టపా.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. వానాకాలంలో రెక్కల చీమలు ఎగురుతాయి చూడండి (దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు వేరు, అవి చెదల తాలూకు). వాటిలో ఆడవి జతకట్టాక నేలకి దిగి, రెక్కలు తామే విరిచేసుకుని, పుట్ట పెట్టుకునే చోటు కోసం తిరుగుతాయి. మగవాటి కథ అంతటితో సరి. అట్టా తిరిగే రాణిని ఒకదాన్ని పట్టి గాజు ట్యూబులో పెడతాం. అడుగున కాసిని నీళ్లు, నీళ్లకి అడ్డంగా దూది, మూతికి ఇంకో దూది. చీకట్లో ఉంచి కదిలించకుండా వదిలేస్తే గుడ్లు పెడుతుంది. కండచీమ రాణి అయితే మొదటి కాన్పు పిల్లలు పెద్దయ్యేదాకా ఏమీ ముట్టదు. రెక్కలు పోయాయి కాబట్టి వాటిని ఆడించే కండరాలతో ఇక పని లేదు. ఆ కండనీ ఒంట్లో కొవ్వునీ కరిగించి పిల్లల్ని సాకుతుంది. వారాల తరబడి ఇది కళ్లారా చూసినవాడు చీమ మీద కాలెయ్యడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు. కాబట్టి నా గొడవ ఈ హాబీతో కాదండీ, ఈ షాపింగుతో.

2025 ఏప్రిల్లో కెన్యాలోని నైవాషా దగ్గర ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దొరికారు. వాళ్ల దగ్గర దాదాపు 5,000 రాణిచీమలు, రెండు వేలకి పైగా ట్యూబుల్లో. అవే ట్యూబులు, అదే దూది, నేను పైన చెప్పిన పద్ధతే. ఎక్కువ భాగం మెస్సర్ సెఫలోటిస్ అనే పెద్ద గింజల చీమ, ఇక్కడ మావాడు మనసు పడ్డది కూడా అదే. మే నెలలో కోర్టు ఒక్కొక్కరికీ పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అని తీర్పిచ్చింది. "చీమలకి జైలా" అని అప్పట్లో చాలామంది నవ్వారు. ఒక్కసారి లెక్కెయ్యండి. ఒక్కో రాణి అంటే ఒక్కో పుట్ట. ఆ గడ్డిమైదానాల్లో గింజల్ని మోసి అక్కడా ఇక్కడా చల్లేది ఈ చీమలే. ఆ కుర్రాళ్ల సామాన్లో సర్దుకున్నవి ఇంకా పుట్టని 5,000 పుట్టలన్నమాట.

"మనమేం కెన్యా పొయ్యి తవ్వామా అన్నా, ఆన్లైనులో కొంటున్నాం అంతే" అన్నాడు మావాడు. కొనేవాడు లేందే తవ్వేవాడు ఎక్కడినుంచి వస్తాడు నాయనా? పైగా బయటి దేశాల నుంచి ప్రాణమున్న పురుగుని దేన్నయినా తెప్పించాలంటే మన దేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పర్మిట్ ఉండాలి. "గిఫ్ట్ ఐటమ్" అని రాసి కొరియర్లో పంపే పెద్దమనిషి దగ్గర ఆ పర్మిట్ ఉంటుందనే నమ్ముదామా?

ఇదంతా నేనేదో ఋషిలాగా చెప్పడం లేదు. మూడేళ్ల కింద నేనూ తెప్పించా. అమ్మినవాడు రాసిన పేరు ఒకటి, వచ్చింది ఏంటో ఇప్పటికీ తెలీదు. బెంగుళూరులో మా ఫ్లాటులో, పుస్తకాల అలమరలో పెట్టుకున్నా. రెండు నెలలు బాగానే ఉంది, పిల్లలు కూడా వచ్చాయి. ఒక సోమవారం పొద్దున చూస్తే మూతి దగ్గర దూదిలో సన్నటి సొరంగం. ట్యూబు ఖాళీ. పిల్లల్లేవు, రాణీ లేదు. మా ఆవిడా నేనూ ఆ రోజు సెలవు పెట్టి ఇల్లంతా తిరగేశాం. పుస్తకాలు దులిపాం, సింకు కింద చూశాం, స్విచ్ బోర్డులు విప్పాం. దొరకలేదు. చచ్చిందో, పక్కింటి బాల్కనీ కుండీలో చేరిందో నాకు ఈ రోజుకీ తెలీదు. ప్రొడక్షన్లో తప్పు కోడ్ పడితే రోల్‌బ్యాక్ చేస్తాం. దీనికి రోల్‌బ్యాక్ లేదు. "నేను జాగ్రత్తగా ఉంటాలే" అనే ప్రతివాడికీ నేను చెప్పేది ఒకటే, నేనూ జాగ్రత్తగానే ఉన్నా.

తప్పించుకుంటే ఏమవుద్దంటారా? మా నాయన్ని అడగండి. ఉదయగిరి కొండ కనపడే మా చేలో, రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోతే కాళ్లకి పట్టుకునే ఎర్రచీమ ఆయనకి బాగా తెలుసు. కుట్టిన చోట నిప్పు పెట్టినట్టు మండి, మర్నాటికి చీముపొక్కు లేస్తుంది. నిమ్మతోటకి డ్రిప్పు వేయిస్తే ఆ పైపులకీ చిల్లులు పెట్టింది. మా నాయన దాన్ని "మన ఎర్రచీమ" అంటాడు. ఆ "మన" దగ్గరే ఉంది తిరకాసంతా. ఎర్రచీమ అని మనం పిలిచేవి చాలా జాతులు. ఇట్టా కుట్టే దాని పేరు సొలెనోప్సిస్ జెమినాటా. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పదహారో శతాబ్దంలో మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకి వెండి మోసుకొచ్చిన స్పెయిన్ ఓడల్లో బయల్దేరి ఆసియా అంతా పాకిందని 2015లో జన్యువులు పరీక్షించి తేల్చారు. ఎవరూ కావాలని తేలేదు. ఓడలో ఇంత మట్టి, ఆ మట్టిలో ఒక రాణి. అయిదు వందల ఏళ్లు కావస్తున్నా మా నాయన కాళ్లు మండుతూనే ఉన్నాయి.

దీని పేరు మన వైపు చీమల జాబితాలో ఎక్కించినాయన కూడా నెల్లూరు మనిషే అనుకోవచ్చు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా చేసిన జెర్డన్ దొర. కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. నెల్లూరులో ఉండగా యానాదుల దగ్గర ఇక్కడి జీవాల సంగతులు చాలా తెలుసుకున్నాడు. 1851లో దక్షిణ భారతంలోని చీమల జాబితా అచ్చువేశాడు. అందులో ఈ ఎర్రచీమకి కొత్త పేరు పెట్టి మన దేశపు చీమగానే రాసుకున్నాడు. అంటే అప్పటికే అది చుట్టం వేషం మాని ఇంటి మనిషైపోయింది. జెర్డనే పోల్చుకోలేకపోతే మా నాయన ఏం పోల్చుకుంటాడు?

పాత కథలు వద్దంటే కొత్తవి చూడండి. అలబామాలోని మొబైల్ రేవులో 1930ల్లో దిగిన దీని దాయాది ఇప్పుడు టెక్సాస్ అంతా ఉంది. డల్లాసులో ఉండే మనవాళ్లని, పిల్లల్ని లాన్‌లోకి చెప్పుల్లేకుండా పంపిస్తారేమో అడిగి చూడండి. 2022లో తమిళనాడులో దిండిగల్ జిల్లా కరంతమలై అడవి చుట్టుపక్కల ఊళ్లలో పసుపు రంగు పిచ్చిచీమలు మేకల మీద, పశువుల మీద పడితే జనం మందల్ని ఎక్కడ మేపుకోవాలో తెలీక తల పట్టుకున్నారు.

సరే, తప్పించుకోదు అనుకుందాం. యూరప్ చీమకి చలికాలంలో నెలల తరబడి నిద్ర కావాలి. మా వరికుంటపాడులో మే నెలలో ఎండ ఎట్టా ఉంటుందో తెలుసుగా. అక్కడ దానికి చలికాలం ఎక్కడినుంచి తెస్తాం? ఫ్రిజ్జులో పెట్టాలట! పెరుగు గిన్నె పక్కన చీమల డబ్బా. మా ఆవిడకి ఈ సంగతి చెప్తే "ముందు నిన్ను పెడతా ఫ్రిజ్జులో" అంది :)

ఇక అసలైన వాదన. "మన చీమలు బోరన్నా." ఇది నాకు ఒళ్లుమండే మాట. అదే 1851లో జెర్డన్ మొదటిసారి ప్రపంచానికి చెప్పిన చీమ హార్పెగ్నాథోస్ సాల్టేటర్. పెద్ద కళ్లు, పొడుగాటి దవడలు, వేటని చూసి ఎగిరి దూకుతుంది. రాణి చచ్చిపోతే కూలిచీమలు ఒకదాన్నొకటి మీసాలతో కొట్టుకుని, గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలెడతాయి. అప్పుడు వాటి మెదడు అయిదోవంతు దాకా కుంచించుకుపోతుంది. ఆ పదవి ఊడిపోతే మెదడు మళ్లీ పెరుగుతుంది! 2021లో తేల్చారిది. (మేనేజరైతే మెదడు తగ్గడం మన ఫీల్డులో కొత్తేం కాదు, మళ్లీ పెరగడమే వింత.) అసలు రాణే లేని డయాకమ్మా చీమ మీద మన ఐసర్ కోల్‌కతాలో ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతోంది. అమెరికా ప్రయోగశాలలు మన చీమ జన్యువులన్నీ 2010లోనే చదివేస్తే, మనకి మాత్రం బోరు.

వచ్చే సీజనుకి ఏది పెంచాలయ్యా అంటే నా ఓటు కండచీమకి. శాస్త్రంలో కాంపోనోటస్ కంప్రెసస్. పెద్దది కాబట్టి సన్నజాలీ మూతకే ఆగుతుంది. దీనికి కొండి లేదు, కొరికితే కొరుకుద్ది. చక్కెర నీళ్లు, చచ్చిన బొద్దింక ముక్క చాలు. ఏసీ అక్కర్లేదు, ఫ్రిజ్జు అక్కర్లేదు. చలిచీమల జోలికి పోవద్దు, ఏ సందులోంచైనా జారుకుంటాయి. మామిడాకులు కుట్టి గూడు కట్టే చీమకి చెట్టే కావాలి, గాజుపెట్టె సరిపోదు. డయాకమ్మాకి ఎగిరే రాణి ఉండదు కాబట్టి పుట్ట తవ్వితేగానీ దొరకదు. కాబట్టి దాన్నీ వదిలేయండి. హార్పెగ్నాథోస్ పెంచడానికి మన చెయ్యి ఇంకా తిరగాలి.

పుట్ట మాత్రం తవ్వొద్దండీ. ఏడు చేపల కథలో చీమ తన పుట్టని బంగారు పుట్ట అంటుంది, మనమే మర్చిపోయాం. వాన వెలిశాక నేల మీద తిరిగే రాణుల్లో చాలావరకు ఎట్టాగూ పిట్టలకీ బల్లులకీ పోయేవే. వాటిలో ఒక్కదాన్ని తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఎక్కడ పట్టారో ఆ ఊళ్లోనే పెంచండి. ఈ రూలు ముందు నాకు. కిందటేడు ఊరినించి ఒక రాణిని బస్సులో బెంగుళూరు తెచ్చా. బెంగుళూరులోనూ కండచీమలున్నాయని సర్ది చెప్పుకున్నా గానీ, మళ్లీ తేను.

ఇంకో పని చేయొచ్చు. ఏ తారీఖున, ఎంత వాన తర్వాత, ఏ చీమ ఎగిరిందో ఒక నోటుబుక్కులో రాసుకోవడం. సర్వర్ రాత్రి రెండింటికి తుమ్మితే లాగ్ రాసుకునే మనం, మన ఊరి చీమలకి ఒక్క లైనూ రాయం. మా నెల్లూరు వైపు గట్టి వానలు అక్టోబరు తర్వాతే. ఈసారి దీపావళి సెలవులకి పోయినప్పుడు మా అమ్మ చేతిలో ఒక నోటుబుక్కు పెట్టొస్తా. "చీమలకి జాతకం రాయమంటావేందిరా" అంటుంది. అన్నా రాస్తుంది, నాకు తెలుసు.

మావాడు ఇంకా ఒప్పుకోలేదు. కానీ కార్టులోంచి ఆ ఆఫ్రికా రాణిని తీసేశానని మాత్రం నిన్న చెప్పాడు. వానలు పడ్డాక వరికుంటపాడు వస్తాడట. మరి మీరేమంటారు?