వీరుణ్ణి కీర్తిస్తే చాలదు

మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో నకోసారి ఒక చిన్న రాగి గనుల పట్టణం. 1907 నవంబరు 7న అక్కడ డైనమైటు మోస్తున్న బండికి నిప్పంటుకొన్నది. యువ రైల్వే కార్మికుడు హెసూస్ గార్సియా బండిని ఊరి వెలుపలికి నడిపించి, పేలుడులో ప్రాణాలర్పించాడు. ఊరు దక్కినది. 1909లో ఆ పట్టణం ఆయన పేరు ధరించి 'నకోసారి దె గార్సియా' అయినది. నవంబరు 7 నేటికీ మెక్సికోలో రైల్వే కార్మికుల దినమే.

రైల్వే, తపాలా సోదర సోదరీమణులారా! ఆ త్యాగానికి మేము శిరసు వంచుతున్నాము. అయితే పేలుడు పదార్థాన్ని నిప్పురవ్వలు చిమ్మే ఆవిరి ఇంజను వెంట పంపిన ఏర్పాటు ఎవరిది? విగ్రహం నిలిపినంత మాత్రాన యాజమాన్యపు బాధ్యత తీరదు. పట్టాలపై గ్యాంగ్‌మన్ అయినా, సంచి మోసే తపాలా ఉద్యోగి అయినా, ప్రాణాలొడ్డే అగత్యం లేని పని పరిస్థితులు వారి హక్కు. ఆ హక్కు యాచిస్తే వచ్చేది కాదు, ఐక్యతతో సాధించుకోవలసినదే.