లీజు హద్దు దాటితే చూసేదెవరు?

నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆంధ్రప్రదేశ్ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఓడలెక్కి దేశాలు దాటుతోంది. రాయి పోతుంది, గొయ్యీ డంపూ ఊరి పాలవుతాయి. తవ్వినదాంట్లో బ్లాకుగా పనికొచ్చేది కొంతే. మిగతా రాయీ మట్టీ క్వారీ పక్కన గుట్టలవుతాయి. గొయ్యి ఎంత నేల మింగిందో, గుట్ట ఎంత నేలను కప్పిందో కలిపి లెక్కగట్టకపోతే ప్రమాదం మన కళ్లెదుటే పెరుగుతుంది.

లెక్కగట్టే సాధనం లేక కాదు. యూరప్ సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి పది మీటర్ల స్పష్టతతో భూమిని చిత్రిస్తున్నాయి. ఆ చిత్రాలు ఉచితం. అమెరికా లాండ్‌శాట్ పాత చిత్రాలు కూడా 2008 నుంచి ఉచితమే. ఏ గొయ్యి ఏ ఏడు ఎటు పెరిగిందో హైదరాబాద్‌లో కూర్చుని గీయవచ్చు.

లెక్క తప్పితే ఎంత దాగుతుందో వియన్నా పరిశోధకులు చూపారు. ప్రపంచంలో గనుల కిందనున్న నేల 57,277 చదరపు కిలోమీటర్లని 2020లో చెప్పారు. మరింత గాలించి 2022లో 1,01,583 అని తేల్చారు. రెండేళ్లలో గనులేమీ రెట్టింపు కాలేదు. మొదటిసారి కంటపడనివి రెండోసారి పడ్డాయి.

లీజు చుట్టూ 500 మీటర్ల వరకు ఉపగ్రహంతో కనిపెట్టే వ్యవస్థను కేంద్రం 2016లో తెచ్చింది. అయితే అది మొదట ప్రధాన ఖనిజాల కోసం పెట్టింది. గ్రానైట్ చిన్నతరహా ఖనిజం కాబట్టి బాధ్యత రాష్ట్రానిదే.

ఉపగ్రహమొక్కటే చాలదు. పది మీటర్ల స్పష్టతకు నాలుగైదు మీటర్ల అతిక్రమణ ఆనదు. పైనుంచి తీసిన మామూలు చిత్రంలో లోతు తెలియదు. నిటారుగా కోసిన గోడ ఎప్పుడు విరిగిపడుతుందో అది చెప్పలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే బల్లికురవ గ్రానైట్ క్వారీలో రాళ్లు కూలి ఒడిశా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. అందుకే పైనుంచి ఉపగ్రహం, దగ్గరనుంచి డ్రోన్, నేలమీద సర్వేయరు, ముగ్గురూ కావాలి.

చీమకుర్తి మండలంలోని ప్రతి లీజు హద్దునూ సర్వే నంబర్లతో ఉపగ్రహ చిత్రంపై గీసి, గొయ్యిని, డంపును వేర్వేరు రంగుల్లో చూపాలి. ఏటా ఆ పటాన్ని ఊరి సచివాలయం గోడకు అంటించాలి. పక్క పొలం రైతు తన నేలను అందులో వెతుక్కోగలగాలి. అది చూడకుండా ఏ లీజూ పొడిగించకూడదు. నేల పోయాక గీసే పటం నష్టపరిహారం కాగితాలకే పనికొస్తుంది. దాన్ని ఇప్పుడే గీయాలి.