నర్సమ్మ రిజిస్టర్ ఎవరు చదవాలె?

గురుకులంల పిల్లలకు వాంతులైనయని వార్త రాంగనే లీడర్లు ఉరుకుతరు, ఆఫీసర్లు ఉరుకుతరు, ఒకల్ని సస్పెండ్ చేస్తరు. నాలుగొద్దులకు అందరు మర్చిపోతరు. గని రోజూ ఆ పిల్లల నొసలు పట్టి చూసే నర్సమ్మను మాత్రం ఎవ్వరూ ఒక్క మాట అడగరు. కస్తూర్బా బడుల్ల ఏఎన్ఎం, గురుకులాలల్ల స్టాఫ్ నర్సు. పేరేదైనా, అందరికంటే ముందు జబ్బును చూసేది ఆమెనే.

ఏ నెలల గజ్జి లేస్తది, ఏ గదిల పిల్లలకు మళ్ల మళ్ల జరం వస్తున్నది, కడుపునొప్పి కేసులు ఏ దినం ఎక్కువైతున్నయి, ఇవన్ని ఆమె రిజిస్టర్ల ఉంటయి. తనిఖీకొచ్చినోళ్లు దాని మీద సంతకం పెట్టి మూసేస్తరు. లెక్కలు పైకి పోతయి, కిందికి ఏ సంగతీ తిరిగి రాదు. పక్క మండలం నర్సమ్మ అదే గజ్జితోని మళ్ల మొదటికెంచి కొట్లాడుతది.

రిజిస్టర్‌కు ఎంత బలముంటదో చెప్పే పాత ముచ్చట ఒకటున్నది. 1902ల న్యూయార్క్ బడుల్ల పిల్లలకు గజ్జి, పేలు, కండ్ల జబ్బులుంటే డాక్టర్లు చూసి ఇంటికి పంపెటోళ్లు. మందు ఇచ్చెటోళ్లు లేరు, పిల్లలు బడికి దూరమైతుండ్రి. ఆ అక్టోబర్ల లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులకు ఒక్క నెల కోసం పెట్టిన్రు. ఆమె బడిలనే కట్టు కట్టింది, ఇండ్లకు పోయి తల్లులకు చెప్పింది, చేసిందంత లెక్క రాసింది. ఆ లెక్క చూసినంకనే నగరం ఇంకింతమంది నర్సులను పెట్టింది. జబ్బు పేరుతోని ఇంటికి పంపిన కేసులు 1902 సెప్టెంబర్ల సుమారు 10,500 ఉంటే, ఏడాదికి 1,100 దాంక తగ్గినయి. తర్వాత 1917ల ఆమె తన పనితీరంత పుస్తకంగ రాసింది. పరిశోధన అంటే గిదే తమ్మీ. దానికి పెద్ద ల్యాబే కావాల్నని లేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కల తెలంగాణల 15–19 ఏండ్ల ఆడపిల్లలల్ల 64.7 శాతం మందికి రక్తం తక్కువున్నది. వారానికొక నీలం ఐరన్ గోలీ ఇయ్యాలని స్కీం ఉన్నది. గోలీ పంచినట్టు లెక్క ఉంటది, మింగిన్రో లేదో ఎవరికెరుక? కడుపుల తిప్పుతదని, దొడ్డికి నల్లగ వస్తదని భయపడి పారేసే పిల్లలుంటరు. అన్నం తిన్నంక ఇచ్చి, "నల్లగ వస్తే భయం లేదు బిడ్డా" అని ముందే చెప్పే నర్సమ్మ, అట్ల చెప్పకముందు ఎందరు మింగిన్రు, చెప్పినంక ఎందరు మింగిన్రు అని రాసిపెడితే, ఆ రెండు అంకెలు వంద హాస్టళ్లకు పనికొస్తయి.

మరి ఎందుకు రాయరు? భయం. నలభై గజ్జి కేసులని నిజం రాసినామెకు మెమో వస్తే, రేపటి సంది నాలుగే రాస్తది. కాంట్రాక్టు కొలువు, ఇంటిల పిల్లలు, ఏం జేస్తది? నిజం రాసినోళ్లకు శిక్ష పడే కాడ మంచి పద్ధతి ఎట్ల పుడతది?

అందుకే అడగాల్సినయి మూడు. నెలకొక పూట మండలంల నర్సమ్మలందరిని కూసోబెట్టాలె, ఆ పూట హాస్టల్ల వాళ్ల పనికి ఇంకొకర్ని పెట్టాలె. పని చేసిన ఉపాయం ఒకటి, పని చేయంది ఒకటి ప్రతొక్కరు చెప్పాలె. ఎక్కువ కేసులు రాసినందుకు ఎవ్వరికీ మెమో ఇయ్యొద్దు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: పంచుకునేది పద్ధతే, పిల్లల పేర్లు, ఫొటోలు కాదు.

చెల్లెళ్లు, తమ్ముళ్లు, తల్లిదండ్రుల మీటింగ్‌కు మీ అమ్మానాయనల ఎంబడి మీరు గూడ పోండ్రి. "గీ నెల ఎన్ని కేసులొచ్చినయి, దేంతోని తగ్గినయి?" అని అడుగుండ్రి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టమున్నది, పేర్లు లేకుండ అంకెలు అడగొచ్చు. అడిగేది నర్సమ్మను బెదిరించనీకి కాదు, ఆమె రాసింది చదివెటోళ్లున్నరని పైనోళ్లకు తెలవనీకి.