చెరువులో ఆఖరి నీళ్ళు ఎవరివి?

మొన్న ఏప్రిల్ నెలాఖరులో నాలుగు రోజులు సెలవులొస్తే ఊరికి వెళ్ళాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఎక్కడ బస్సు దిగినా ఎండ ఒక్కటే. తొమ్మిది దాటితే బయట నిలబడలేం. అందుకని తెల్లవారకముందే నేనూ, మా దోస్తూ గాలాలు పట్టుకుని చెరువుకు బయలుదేరాం. రెండు వెదురు కర్రలు, జొన్నబెండు ముక్కలు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో ఎర్రలు. చిన్నప్పటి నుండి మా సరంజామా ఇంతే.

వాళ్ళ నాన్న మత్స్యకారుల సొసైటీలో సభ్యుడు. మాది వ్యవసాయం. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం.

చెరువు ఎండి, తూము దగ్గర గుంతలో నడుములోతు నీళ్ళు మిగిలాయి. మొదట రెండు జిలేబీలు పడ్డాయి. ఆ తర్వాత బెండు కదలదు. చేపలు మాత్రం గుంపులు గుంపులుగా పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. "ఎన్ని చేపలున్నయో చూడరా!" అన్నాను ఉత్సాహంగా. వాడు గాలం పక్కన పెట్టాడు. "ఊపిరాడక వచ్చినయ్‌రా అవి. నువ్వు సైన్సు చదువుతున్నవ్, నేను చెప్పాల్నా?" అన్నాడు.

సిగ్గేసింది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించదు. పగలు ప్రాణవాయువునిచ్చే నాచు కూడా రాత్రిపూట దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఊపిరి బాగా తగ్గిపోతుంది. నీళ్ళు తక్కువై, చేపలు ఎక్కువైతే ఇక చెప్పేదేముంది? కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. రోహు, బొచ్చె అలా బతకలేవు.

ఇంతలో అవతలి గట్టు నుండి ఇంజను చప్పుడు వినిపించింది. మా ఇంజనే. ఆలస్యంగా నాటిన రెండెకరాల వరి పాలు పోసుకుంటోంది. దానికి ఆఖరి తడి.

మావాడు ఒక్క మాట అనలేదు. పట్టిన రెండు చేపలనూ మళ్ళీ నీళ్ళలో వదిలాడు.

ఇంటికెళ్ళి నాన్నతో అన్నాను. "చేప చస్తే మళ్ళీ పిల్లల్ని పోస్తరు. వరి ఎండితే అప్పు ఎవడు కడతడ్రా?" అన్నాడు. ఆ మాట తప్పని నేననలేను. నా హాస్టలు ఫీజు ఆ వరి నుండే వస్తుంది. సాయంత్రం మావాణ్ణడిగితే, "మాకు చేపే వరి" అన్నాడు. అదీ తప్పు కాదు. మూడోనాటికి గుంతలో తెల్లగా తేలాయి. మా వరి మాత్రం చేతికొచ్చింది.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలినప్పటి నుండి మా ప్రాంతంలో నీళ్ళంటే వరే. కాలువ కట్టేశాక అందరి కళ్ళూ చెరువు మీద పడతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. 2016 నుండి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదిలే పథకం వచ్చింది. మంచిదే. కాని పూడిక తీసిన చెరువు నుండే ఆఖరి బొట్టు దాకా తోడేస్తే, పోసిన పిల్లలు ఏం తిని కాదు, ఏం పీల్చి బతకాలి? ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో చంపడం కాదా ఇది?

నా అభిప్రాయమొక్కటే. తూము దగ్గర ఒక గుర్తు రాయి పాతాలి. నీళ్ళు ఆ రాయి దిగితే ఏ ఇంజనూ పెట్టరాదు, మాదైనా సరే. అయితే ఈ మాట ఏప్రిల్‌లో చెబితే రైతు వినడు, వినలేడు. యాసంగి నాట్లకు ముందే గ్రామసభలో రైతులూ, సొసైటీ వాళ్ళూ కూర్చుని, ఉన్న నీళ్ళకు ఎన్ని ఎకరాలో లెక్క తేల్చుకోవాలి.

"ఉంచిన నీళ్ళు ఎండకు ఆవిరైపోవా?" అని అడిగేవారున్నారు. కొంత పోతాయి. అందుకే తూము దగ్గర ఒక గుంతను మిగతా చెరువుకంటే లోతుగా తవ్వాలి. లోతు పెరిగి వైశాల్యం తగ్గితే ఆవిరయ్యేదీ తగ్గుతుంది. అడుగున నీరు కాస్త చల్లగానూ ఉంటుంది. గొడ్లకూ తాగునీరు మిగులుతుంది.

మిత్రులారా! మనలో చాలామందిమి రైతుబిడ్డలం. మనం చదివిన సైన్సు జవాబు పత్రం దాటి చెరువు కట్ట దాకా పోకపోతే దాని ప్రయోజనమేమిటి? వచ్చే నాట్లకు ముందు నేను గ్రామసభకు వెళ్తాను. నాన్న ఎదుటే ఈ మాట అనాలి. కష్టమే. కాని ఆ తెల్లవారుజామున నా పక్కన కూర్చుని కూడా మా ఇంజను గురించి ఒక్క మాట అనని దోస్తుకు నేను బాకీ ఉన్నాను.

- ద్వితీయ సంవత్సరం, బి.ఎస్సీ.